మూడో నంబరు

పెదవాల్తేరు ఆసుపత్రిలో
కాగితం మీద రాస్తూ "డిప్రెషన్" అన్నారు డాక్టరుగారు.
మా మసేనక్క చేతిసంచీ కింద పెట్టి అడిగింది:
"ఎక్కడ పుట్టినాది బాబూ, అండమాను దగ్గరా?
ఇక్కడే తీరం దాటుతాదా,
ఒరిస్సా పక్కకి మళ్ళిపోతాదా?"

పెన్ను ఆగింది.
నవ్వొచ్చో లేదో తెలీక
ఆయన నర్సు మొహం వంక చూశారు.

నాకు నవ్వు రాలేదు.
నవ్వని ఒకటుండేదని మాత్రం గుర్తొచ్చింది,
ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి నంబరులాగ.

తిరుగు బస్సులో కండక్టరుతో అంది:
"ఒకటిన్నర కొట్టు నాయనా.
మావోడు సగమే వొచ్చాడు."

అప్పటికి బోటు అమ్మేసి ఎనభై రోజులు.
డీజిలు బాకీ, వల బాకీ,
ఇంజను చచ్చిన రోజు ఒడ్డుకి లాక్కొచ్చినవాళ్ళ బాకీ
అన్నీ తీరాక
మిగిలింది లంగరు తాడు.
దాన్ని అక్క జానెడేసి ముక్కలు కోసి
ఎండుచేపల మూటలకు కట్టేసింది.
ఎందుకని నేనడగలేదు.
ఆ ఒక్కదాని మీద
తనూ జోకు వెయ్యలేదు.

గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.
"గవర్నమెంటు వేట ఆపేది అరవయ్యొక్క రోజులేరా,
నువ్వు సొంతంగా ఎనభై ఆపేసినావు.
అర్జీ పెడతాను,
నీకు భృతి ఎక్కువ రావాల."

ఒక రాత్రి కంచం విసిరాను.
తిప్పి చూసి
"సొట్ట పడ్డాది. మంచిదే,
ఇంక పులుసు పారిపోదు" అంది.
మెతుకులు ఏరుకుంటూ అంది.
మొహం కనబడలేదు.

జోకు మందు కాదు, నాకు తెలుసు.
మందు మందే.
రాత్రి తొమ్మిదికి తెల్లది ఒకటి, పసుపుది సగం ముక్క.
జోకు చేసిందల్లా
ఆ ముక్క మింగడానికి
నన్ను లేపి కూర్చోబెట్టడం.

తర్వాత్తర్వాత మాటలు పోయి అంకెలొచ్చాయి.
పూర్ణామార్కెట్టుకి గంప ఎత్తుకునే ముందు
గుమ్మంలోంచి అడిగేది: "ఎన్నో నంబరు?"
పోర్టులో జెండా ఎక్కించినట్టు
దుప్పట్లోంచి వేళ్ళు ఎత్తేవాణ్ణి.
మూడైతే గంజి కాచి పెట్టి వెళ్ళేది.
ఏడైతే గంప దించేసి
నా కాళ్ళ దగ్గర కూచుని నెత్తళ్ళలో ఇసక ఏరేది,
ఆ పూట బేరం ఎంత పోయిందో
లెక్క చెప్పకుండా.
ఒకటైన రోజు మాత్రం తిట్టేది,
"ఒకటో నంబరుకి ఇంట్లో దాక్కున్న సరంగుని
నిన్నే చూశాన్రా" అని.
ఆ తిట్టు కోసం
రెండుసార్లు అబద్ధం ఆడాను.

ఆషాఢంలో ఒక రాత్రి మెలకువొచ్చింది.
లైట్‌హౌసు వెలుగు గోడ మీంచి పోయి, మళ్ళీ వచ్చింది.
గడపలో అక్క.
చేతుల్లో ఏ పనీ లేకుండా అక్కని చూడడం
నాకదే మొదలు.
తొమ్మిదేళ్ళ కిందట వేటకెళ్ళిన మనిషి గురించి
ఎవరడిగినా ఒకటే మాట చెబుతుంది,
"మావారికి టైమంటే లెక్కలేదు."

ఇన్నాళ్ళూ నేను ఒక్కసారీ అడగలేదని
అప్పుడు తట్టింది.
"ఎన్నో నంబరక్కా?"

పది వేళ్ళూ ఎత్తింది.
కాసేపాగి "చాలవురా" అంది.

పక్కకెళ్ళి
నా వేలొకటి కలిపాను.

పదకొండంటే సరంగులకి తెలుసు.
వాతావరణ కేంద్రంతో తీగలు తెగిపోయాయని,
ఇంక అక్కణ్ణించి కబురు రాదని.

అక్క ముక్కు చీదింది.
"కబురే తెగిపోతే
మరి నన్ను అడుగుతున్నోడు ఎవడ్రా?"

ముందు ఎవరు నవ్వామో గుర్తు లేదు.
పక్కింటి దానయ్య లేచి గోడ కొట్టేదాకా నవ్వాం.
అందులో ఏడుపు ఎంతుందో
ఎవరూ తూకం వెయ్యలేదు.

మర్నాడు హార్బరుకి బయల్దేరాను.
గేటు దాకా వెళ్ళి
వెనక్కొచ్చేశాను, దాచడమెందుకు.

"పర్లేదు" అంది అక్క
ఎండలో చేపలు తిరగేస్తూ,
"సగం టిక్కెట్టుకి అంతే దూరం."