ఎడమ రెక్కలో రెండో కుట్టు

పదకొండు అడుగులని చెప్పి
టేపు నా చేతికే ఇచ్చినాడు మాలకొండయ్య.
జాకెట్లకు కొలత తీసే మనిషిని నేను,
భుజమూ, చంకా, వీపూ తెలుసు.
రెక్కకు చంక ఎక్కడుంటాదో
ఆ పొద్దే మొదటిసారి వెతుక్కున్నా.

అల్లూరు రొయ్యల గుంటల కాడ
నీళ్లు చిలికే ఏరియేటర్లు బాగుచేస్తాడు వాడు.
మిద్దె మీద
ఐసూ రొయ్యలూ మోసి పారేసిన థర్మోకోల్ పెట్టెలు
కోసి, అతికించి, గరుకు కాయితంతో రుద్ది రుద్ది
విమానం చేస్తుండాడు.
ఎంత కడిగినా నీచు వాసన పోలా.
రాత్రిళ్లు పిల్లులొచ్చి
దాని తోక కింద కూచుని ఆలోచించేవి.

గడ్డి కోసే మిషను ఇంజను ముక్కులో,
వెదురు బద్ద వెన్నులో,
ఎవురో పిల్లోడి విరిగిన సైకిలు చక్రాలు కింద.
రిమోటూ, రెక్క అంచులు తిప్పే బుల్లి మోటార్లూ మాత్రం
మద్రాసు పోయి తెచ్చినాడు.
వాటి ధర ఇంట్లో సగమే చెప్పినాడు,
నాకు ముప్పాతిక.

గుడ్డ నాది. రైకల లోపల వేసే లైనింగు.
బంక పూసి పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించాల.
వేడి చెంప కాడ పెట్టి చూసుకోమన్నాడు,
ఎక్కువైతే లోపల రెక్క కుంగిపోతాదంట.
ఆనిస్తే
ముడతలన్నీ లోపలికి పీల్చుకుని
డప్పు మాదిరి బిగుసుకునింది.
గోటితో కొడితే మోగింది.
ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తుండా,
గుడ్డ అట్టా ఊపిరి బిగబట్టడం ఎప్పుడూ చూళ్లా.

ఎడమ వైపు జానెడు తక్కువొచ్చింది.
బజారుకు పోవాల్సింది. పోలా.
పేలికల సంచిలోంచి నెమలికంఠం ముక్క తీసి
రెండో కుట్టేసి కలిపేసినా.
పైన ఎర్ర రంగు కొట్టినాక ఎవురికీ కనపళ్లా.
నాకు కనపడతానే ఉండాది.

ఆ కొస నేనూ ఈ కొస వాడూ
వేళ్ల మీద ఎత్తి చూసినాం. తోక వాలింది.
సముద్రానికి పోయేవాళ్లు వలకు కట్టే సీసం గుండ్లు
ఒకటొకటే ముక్కులో వేస్తా పోయినాడు.
వలను ముంచే బరువు.
పద్నాలుగో గుండుకు
తాసు ముల్లు మాదిరి నిలబడింది.

శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే
మిద్దెలెక్కి చూసే ఊరు మాది.
ఆ పొద్దు మాత్రం అందరం
ఇసకపల్లి ఉప్పు మళ్లలో నిలబడినాం,
తొక్కి గట్టిపరిచి ఇంకా నీళ్లు పెట్టని మడి.
గుంటల ఆసామి బుల్లెట్టు దిగకుండానే అడిగినాడు:
"కొంగల్ని తోలేదానికి పనికొస్తాదా?"
"తోలేదానికి కాదు సామీ, ఎగిరేదానికి."
"ఎగిరి?"
మాలకొండయ్య బదులు చెప్పలా.
పంకా పట్టి ఒక్క తిప్పు తిప్పినాడు.

ఎగిరింది.
నీచు వాసనా, నా లైనింగూ, వల గుండ్లూ
అన్నీ కలిసి ఎగిరినాయి.
నా పానం మాత్రం ఎడమ రెక్కలోనే ఉండాది.
ఇప్పుడు వాలతాది, ఇదిగో ఇప్పుడు,
పైట కొంగు నోట్లో కుక్కుకుని చూస్తుండా.
వాల్లా.
సముద్రం మీదికి పోయి
వాడి బొటనవేళ్ల మాట విని వెనక్కొచ్చింది.
ఏడు నిమిషాలు.
దిగేటప్పుడు గట్టు గీరుకుని
కుడి రెక్క కొస చిరిగింది.

రాత్రి దీపం కింద చిరుగు విప్పితే
లోపల, థర్మోకోల్‌లో చిన్న గుంట తవ్వి
ఒక్క సీసం గుండు.
నెమలికంఠం పేలికలో చుట్టి,
నా దారంతోనే కట్టి.

రొయ్యలు తూచే కాటా మీద
ఎప్పుడు పెట్టి చూసినాడో రెక్కల్ని.

వాడు పక్కనే కూచుని ఇంజను తుడుస్తుండాడు, తలెత్తలా.
గుండు మళ్లీ అక్కడే పెట్టి
కొస మూసి కుట్టేసినా.
"చిరుక్కి ఎంతక్కా?" అన్నాడు.
ఇరవై అన్నా.
పదిహేనిచ్చినాడు.