తల ఏది, కాలేది

పామిడి దాటి గుత్తి రోడ్డెక్కినాక
ఎడమ పక్క, పచ్చ పరదాల కింద
దూదేకుల మాబున్ని నర్సరీ.
బోర్డు లేదు. గేటుకు కట్టిన పాత టైరు మీద
సున్నంతో రాసిన ఫోన్ నంబరు,
చివరి అంకె వానకి పోయింది.
కావాల్సినోళ్లు లోపలికొచ్చి అడగాల్సిందే.

పుష్యమాసం. వేళ్లు కొంకర్లు పోయే పొద్దు.
నా ముందర దానిమ్మ కొమ్మల మోపు.
నూరు పుల్లలకు అరవై రూపాయలు.
మొన్నటిదాకా రైతువి గదా అని
ఆమె అనలేదు.
కత్తెర చేతికిచ్చి ఇట్లా అంది:

"లేతది వద్దు, కుళ్లిపోతాది.
మరీ ముదురుదీ వద్దు, అది ఇంక దేన్నీ నమ్మదు.
పెన్సిలంత లావు, జానెడు పొడవు,
నాలుగు కణుపులుండాల.
కింద అడ్డంగా కొయ్యి, కణుపుకి ఆనించి.
పైన ఏటవాలుగా, నీళ్లు నిలబడకుండా.
మోపులన్నీ కలిసిపోయినా, కరెంటు పోయినా
తల ఏదో కాలేదో నీ బొటనవేలికి తెలియాల.
తలకిందులుగా నాటిన పుల్ల
చచ్చినాక గూడా నిలబడే ఉంటాది."

మొదటిరోజు నలభై తలకిందులు పెట్టినా.
మాట్లాడకుండా పీకి
నా తువ్వాల మీద పేర్చి పోయింది.

పెన్న కడుపులో తవ్వి తెచ్చిన ఇసక,
మూడో పాలు ఎర్రమన్ను,
చివికిన పేడ, నల్ల సంచులు.
అడుగున తెల్లపొడి అద్ది, రెండు కణుపులు మన్నులో దించి
చుట్టూ బొటనవేలితో అదుముతా పోవాల.
మధ్యాహ్నానికి నడుము
నా మాట వినడం మానేసేది.

పన్నెండో రోజు కళ్లు తెరిచినాయి.
పిల్లికూన నాలుకంత ఎర్రటి చిగురు,
వరసకు వరస!
ఓబుళమ్మకు ఫోన్ చేసినా: "పట్టినాయే!"
మాబున్ని బకెట్టు దించి నవ్వింది.
"అది పాత కూడు, నాయనా.
చెట్టు మీదున్నప్పుడు తిన్నది
ఇప్పుడు నెమరేస్తాంది.
వేరు పడిందాకా అది చిగురు గాదు.
ఆకుని చూసి అప్పు చెయ్యగాకు."

ఆమెకు తెలిసే అనిందో, తెలియకనో.
నా మూడో బోరు అట్లాంటి ఆకుని చూసి వేసిందే.
ఆరునూర్ల అడుగులు. పొగలాంటి దుమ్ము.

ఆ రాత్రి ఆగలేక
టార్చి పెట్టుకుని ఒక పుల్లని పైకి లాగినా.
వేరు లేదు.
కోసిన చోట తెల్లగా, నూకగింజలు అంటించినట్టు
గాయమే ముద్దకట్టి ఉండాది.
మళ్లీ గుచ్చి, అదిమి, ఎవరికీ చెప్పలేదు.
పొద్దున్నే ఆమె నీళ్లు చిలకరిస్తా
ఆ సంచి దగ్గర ఆగింది.
"ఇది భయపడింది," అంది. అంతే.
వారానికి అది ఎండిపోయింది.

ఫాల్గుణం ఎండలకు సంచుల చిల్లుల్లోంచి
తెల్లదారాలు బయటికొచ్చినాయి.
వెయ్యికి ఏడునూట పదమూడు.
కళ్యాణదుర్గం లారీకి ఎత్తతా ఉంటే అప్పుడనింది:
"ఈ వరస ఎవరి చెట్టుదో ఎరుకనా?
మీ మోటారు గది పక్కది.
మచ్చతెగులని తోటంతా జేసీబీతో లేపిస్తివే,
పైన కరెంటు తీగుందని ఆ డ్రైవరు
దాన్నొక్కదాన్నీ వదిలిపెట్టిండాడు.
రెండు వానలు చూసినా. ఒక్క మచ్చ లేదు.
ఓబుళమ్మకు ఎనిమిదినూర్లిచ్చి కోయించుకున్యా."

నా చేత్తో నాటిన చెట్టు కొమ్మని
నా చేత్తోనే పుల్లలు పుల్లలుగా కోసినా.
గుర్తుపట్టలేదు.

శనివారం ఆఖరి బస్సుకి ఊరికి పోయినా.
ఓబుళమ్మను ఏమీ అడగలేదు.
చెంబు పట్టుకుని మోటారు గది దిక్కు నడిచినా.
చెట్టుంది, గుండు గీసిన పిల్లోని మాదిరి.
కోసిన ప్రతిచోటా ఎండిన పేడముద్ద,
ముద్ద మీద
ఆమె నాలుగు వేళ్ల అచ్చు.