మిగిలిన గోడ

అట్‌బాషీలో ఫిబ్రవరి.
ఆసుపత్రి కిటికీకి లోపలి వైపే మంచు పేరుకుంది.
జెల్ సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి
జిపార్ పేరు పిలిచింది:
అనార్‌కుల్. ముప్ఫై నాలుగు. ఒక కాన్పు, ఒక కోత.

ఆమె బూట్లు విప్పుతుంటే
గదంతా తడిసిన ఉన్ని వాసన.
నెలనెలా నాలుగు రోజులు, అవి అయ్యాక
ఇంకో తొమ్మిది రోజులు గోధుమరంగు మరక.
"టీ ఒలికినట్టు" అంది, నా వైపు చూడకుండా.
ఐదేళ్లుగా ఎవరికి చెప్పుకున్నా
ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే అన్నారట.
ఒకాయన చలి అన్నాడు.
ఒకామె నరాల బలహీనత అంది.
అత్తగారు ఏమీ అనలేదు,
దుప్పట్లు వేరుచేసింది.

మోకాళ్లు వంచమన్నాను. ఊపిరి వదలమన్నాను.
లైటు తీసేశాను.

తెరమీద బూడిదరంగు బేరిపండు, గర్భసంచి.
మెల్లగా మెడ వైపు దిగాను.
అక్కడుంది.
పాత కోత మానిన చోట
గోడలో దీపం పెట్టుకునే గూడులాంటి పల్లం,
మూడు మూలల చీకటి.
దీపం లేదు గానీ
పోయిన నెల నెత్తురు కాస్త
ఖాళీ చేయని అద్దెదారులా కూర్చునుంది.

ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి కొలిచాను.
గూడు లోతు ఐదు మిల్లీమీటర్లు.
దాని వెనక మిగిలిన గోడ
రెండు పాయింట్ ఒకటి.
చెయ్యి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ కొలిచాను.
గోడ పెరగలేదు.

తెర ఆమె వైపు తిప్పాను.
నేనింకా మాట వెతుక్కుంటుండగానే
ఆమె వేలు చాపింది.
"ఇక్కడ ఉన్ని తక్కువ పడింది."
తివాచీలకు ఉన్ని తడిపి తొక్కే మనిషి.
"పైనుంచి తెలీదు.
వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి."

నేను చేసిందీ అదే అన్నాను,
వెలుతురు బదులు చప్పుడుతో,
నాకూ నీకూ వినపడని చప్పుడుతో.

మళ్లీ కడుపొస్తే?
రానీ. నెల తప్పగానే నా దగ్గరికి రా,
పిట్ట ఎక్కడ వాలిందో చూడాలి.
ఈ గూట్లో మాత్రం గూడు కట్టకూడదు.
బిష్కెక్‌లో దీన్ని కోసి కుట్టేవాళ్లున్నారు,
తొందరేం లేదు, ఇంట్లో ఆలోచించుకుని...
నేను చెబుతూనే ఉన్నాను.

ఆమె వినడం లేదు.
"అయితే ఉంది" అంది.
ఉంది.
"నేను కల్పించుకున్నది కాదు."
కాదు.

అప్పుడు ఏడ్చింది.
జెల్ తుడుచుకోమని ఇచ్చిన కాగితంతోనే
మొహం తుడుచుకుంది.

వెళ్తూ వెళ్తూ బొమ్మ రెండు ప్రతులు కావాలంది.
ఒకటి బిష్కెక్ డాక్టరుకి.
రెండోది ఎవరికో చెప్పలేదు.
మడతపెడితే చెరిగిపోతుందన్నాను.
చొక్కా లోపల, తిన్నగా, ఒంటికి ఆనించి పెట్టుకుంది.

మా రిపోర్టు ఫారంలో గర్భసంచి అన్న చోట
ముందే అచ్చువేసి ఉంటుంది: మామూలు.
దాన్ని కొట్టేశాను.
కలం గట్టిగా నొక్కాను,
కార్బను కింది కాగితం మీద కూడా
ఆ కొట్టివేత పడేలా.