ఎంపికకు ముందటి శుక్రవారం

సల్మాబాద్‌ల గ్యారేజీల ఎనక
లారీతోని తెచ్చి పోసిన ఇసుక.
సున్నంతో గీసిన గీతలు గాలికి చెదురుతుంటయి,
మళ్ల గీస్తం.
శుక్రవారం అసర్ నమాజు అయినంక
ఏరిన పద్నాలుగు మంది
రెండు రంగుల బనీన్లు తొడిగి కబడ్డి ఆడతరు.
దాని పేరు తారల ఆట.
టికెట్టు లేదు, గెలిస్తే కప్పు లేదు.
కుర్చీలల్ల మాత్రం ఆరుగురు కూసుంటరు,
ఆరు కంపెనీల మనుషులు,
మోకాళ్ల మీద తెల్ల కాయిదాలు.

ఆదివారం జాబితా వస్తది.
పేరున్నోనికి స్టోర్ రూముల కొలువు,
ఏసీ కింద బోల్టులు లెక్కబెట్టే పని,
పొద్దుగూకినంక ప్రాక్టీసు.
పేరు లేనోనికి మళ్ల అదే పరంజా,
అదే జులై.

గురువారం రాత్రి ఐలేశు నా మంచం కాడికొచ్చిండు.
"అన్నా, నువ్వు టైంకీపర్‌వి,
అందరి గంటలు నీకెరుక.
ఆడాల్నా, వద్దా?"

వానికి ఆడే అక్కెర లేదు.
సీజనంతా వాని కూత ఇన్నోళ్లే ఆ ఆరుగురు.
మొదటి పేరు వానిదేనని
క్యాంటీన్ల చాయ్ పోసే మలబారాయన గూడ చెప్తడు.
కోతకొచ్చిన చేనుకు నీళ్లు పెడతరా ఎవలన్న?

చాంద్ బాషా సంగతి చెప్పిన.
రాయచోటి పిలగాడు, పోయినేడు మొదటి పేరు వానిదే.
తారల ఆటల, ఏ లెక్కలకు రాని ఆటల,
ఎడమ మోకాలు పోయిన చప్పుడు
నేను స్కోరు రాసే బల్ల దాకా ఇనొచ్చింది,
ఎండిన కంకబొంగు ఇరిగినట్టు.
ఆదివారం పేర్లు చదువుతుంటే
వాడు ఆస్పత్రిల కాలు పైకి కట్టిచ్చుకొని
ఫోన్ల ఇంటుండె.

గంతటితో ఊకుంటే అయిపోవు.
నోరాగక సత్తిబాబు సంగతి గూడ చెప్పిన.
రాజోలు దిక్కు మనిషి, వెల్డరు,
మూడేండ్లు ఎవ్వని కంట్ల పడలే.
అదే ఆటల, అదే మాపటేళ,
చాంద్ బాషా పడ్డ జాగల దిగి
ఒక్క కూతల నలుగుర్ని ముట్టొచ్చిండు.
ఇయ్యాల స్టోర్ రూము తాళాలు వాని నడుముకే.

"అంటే ఒకని మోకాలు ఇంకొకని కొలువాయె" అన్నడు ఐలేశు.
నేనట్ల లెక్కెయ్యలే ఎన్నడు.
పద్నాలుగేండ్ల సంది గంటలు రాస్తున్న,
ఓవర్‌టైం ఒక గడిల, నాగా ఒక గడిల.
ఇది ఏ గడిల రాయాల్నో తెల్వక
లైటు బంద్ చెయ్యమన్న.

శుక్రవారం వాడొచ్చిండు.
బనీను తొడిగిండు.
మొదటి కూత బోనస్ గీత దాకా,
కాలు ఆనిచ్చి ఎనకకు.
రెండోది గూడ గంతే.
ముట్టుడు లేదు, చిక్కుడు లేదు.
కుర్చీలల్ల ఒకాయన కాయిదం మీద ఏదో రాసిండు,
ఒక్కటే మాట.
"జాగ్రత్త" అని రాసిండో, "పిరికి" అని రాసిండో
నా బల్ల కాడికి కనపడలే.

మూడోసారి దిగేటప్పుడు నా దిక్కు చూసిండు.
నేను స్కోరు పుస్తకంలకు తలకాయ ఒంచుకున్న.
అది తప్పే, ఒప్పుకుంట.

కబడ్డి కబడ్డి కబడ్డి
బోనస్ గీత దాటిండు,
మూల దాకా పోయిండు,
చేతులు గొలుసు కట్టిన ముగ్గురి నడుమకు.
ఇసుక లేచింది.
మనిషి కనపడలే గని కూత ఇనపడుతనే ఉన్నది,
సన్నగ, తెగకుంట.
ఆరుగురూ కుర్చీలల్లకెల్లి లేచిండ్రు,
వాని కోసమో
కాయిదాల మీద దుమ్ము దులుపుకొనేటందుకో.

ఇయ్యాల శనివారం.
పొద్దుగాల అయిదున్నరకు డ్యూటీ గేటు కాడ వాడే ముందు.
కుంటుతున్నడు,
రోజూ వాని నడక చూసేటోనికి తప్ప తెల్వనంత.
కార్డు మీద ముద్ర గుద్దిన.
"ఏమన్న తెలిసిందా అన్నా?"
"రేపు."
బూటు ఇప్పి బోర్లిచ్చి కొట్టిండు,
నిన్నటి ఇసుక రాలింది, గుప్పెడు.
మళ్ల తొడుక్కొని
పరంజా దిక్కు పోయిండు.