పదకొండు ఔన్సులు

ఇరవై మూడేళ్ళు విన్నెమక్క పోస్టాఫీసులో
కాటా వెనక నిలబడ్డదాన్ని.
ఏ పొట్లం ఎంత తూగుతుందో
ముల్లు కదలకముందే నా మణికట్టుకి తెలిసేది.
అందుకే లోవెల్ అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి
ఆ బుల్లి రివాల్వర్ పెట్టినప్పుడు
పేరడగలేదు, ధర అడగలేదు,
అరచేతిలోకి తీసుకుని
"పదకొండు" అన్నాను.
లోవెల్ వెనకగదిలోంచి కాటా తెచ్చాడు.
పదకొండు ఔన్సులు,
పైన ఒక ఉత్తరమంత.

కొనేది నాకోసం కాదు.
నా చెల్లెలి కూతురు ఎనెరిత్స్. పదహారేళ్ళు.
చేతులు చూస్తే ఎండిన సేజ్ పుల్లలు.
పైగా ఎడమచేతి వాటం.
సిలిండర్ తెరిచే మీటేమో
కుడిచేతివాళ్ళ బొటనవేలి కిందుంది,
కత్తెరలాగే, బడిలో కుర్చీకి అతికించిన పలకలాగే.
పిల్ల ఎవర్నీ అడగలేదు.
చూపుడువేలు వంకీలా వంచి వెనక్కి లాగింది.
సిలిండర్ పక్కకి ఒరిగింది. ఎనిమిది గదులు, ఎనిమిదీ ఖాళీ.

తూటాలు బల్ల మీద చింతగింజల్లా జారాయి.
"పెద్దవాటికి నిప్పు నడినెత్తిన ఉంటుందమ్మా,
వీటికి అంచులో. అంచున కొడితేనే పలుకుతాయి"
అన్నాడు లోవెల్.
"అంచునా? అయితే నాలాగే" అంది ఎనెరిత్స్.
నవ్విందో లేదో నాకు కనపడలేదు.

నాకు నేర్పింది మా నాన్న.
గొర్రెలు కాసేవాడు, మాటలు తక్కువ.
తోడేళ్ళ కోసం దాచుకున్న ఇనుప ముద్దని
పదకొండేళ్ళ పిల్ల చేతిలో పెట్టి
"కాల్చు" అన్నాడు, అంతే.
అది నా నుదుటిని తన్నింది.
ఆ చప్పుడు ఎడమచెవిలో
ఇప్పటికీ ఈగలా తిరుగుతోంది.
మళ్ళీ ముట్టుకోలేదు.
బరువే నేర్పు అనుకున్నాడు పాపం.

లోవెల్ దాపరికం లేని మనిషి.
"తేలికది చేతికి సుఖం, గురికి కాదు.
బరువైనది నీ వణుకు మింగేస్తుంది,
ఇది ఊరంతా చాటింపేస్తుంది"
అంటూ ఉక్కుదాన్ని కూడా పక్కన పెట్టాడు.
ముప్పై నాలుగు, అంది నా మణికట్టు.
ఎనెరిత్స్ చెయ్యి చాచి పట్టుకుంది.
పన్నెండు లెక్కపెట్టేసరికి
గొట్టం నేలని వెతుక్కుంటూ దిగిపోయింది.
బుల్లిదాన్ని పట్టుకుని నలభై దాకా నిలిచింది,
వణుకుతూనే.
"వణుకు కనపడితే నయం కదా ఇసెబా,
దాన్నే చూసి దిద్దుకోవచ్చు" అంది.
డబ్బు కట్టేశాను.

ఊరి బయట కంకర గొయ్యి, వెనక మట్టిగట్టు.
గట్టు ముందు పుల్లలకి గుచ్చిన కాగితం పళ్ళేలు.
చెవులకి దిప్పలు, కళ్ళకి అద్దాలు.
ఖాళీ అని నీకు తెలిసినా
నిండుగా ఉందనే అనుకో అని
పదిసార్లు చెప్పాను, పదోసారి విసుక్కుంది.
గుర్రాన్ని ఎక్కుపెట్టకుండా లాగితే
పిడికెడు తుపాకీకి ఎద్దు లాగుడు.
బొటనవేలితో ఎక్కుపెట్టాక
వెన్నలో గీత గీసినట్టు తేలింది ట్రిగ్గర్.
తొలి ఎనిమిదింట్లో ఒక్కటి తగిలింది,
పళ్ళెం అంచున.
రెండో ఎనిమిదీ గట్టు తినేసింది.
మూడోసారి ఊపిరి సగం వదిలి ఆగడం
తనంతట తానే నేర్చుకుంది. నాలుగు చిల్లులు.

"నువ్వెయ్యి ఇసెబా."

నా వేళ్ళ కణుపులు చలికి బిగుసుకున్నాయి.
గుర్రాన్ని వెనక్కి లాగడానికి
రెండు బొటనవేళ్ళూ కావాల్సివచ్చింది.
పదకొండు ఔన్సులు. యాభై రెండేళ్ళు.
కళ్ళు మూసుకోకూడదని నాకు నేనే చెప్పుకుంటూ,

టప్.

దిప్పల్లోంచి వినపడిన ఆ చప్పుడు నాకు తెలుసు.
కవరు మీద తేదీ ముద్ర గుద్దిన చప్పుడు,
రోజుకి నాలుగొందలసార్లు గుద్దాను.
నుదురు తడిమి చూసుకున్నాను, ఏమీ లేదు.
మళ్ళీ ఎక్కుపెట్టాను. ఎనిమిదీ అయ్యేదాకా దించలేదు.

పళ్ళెం మీద కొత్త చిల్లు ఒక్కటీ లేదు.
ఎనెరిత్స్ ఖాళీ తొడుగులు టోపీలోకి దులుపుతూ
గట్టువైపు చూసి అంది:
"అన్నీ ముద్ర పడ్డాయిలే.
చిరునామాలే తప్పు."