పంటిగాటు

ఆదివారం నెవుకెన్‌లో గాలి లేచిందంటే
రేకు షట్టరు సగానికి దించేస్తాడు ఎరిబెర్తో.
లోపల టైర్ల వాసన, కెటిల్లో నీళ్ల సణుగుడు, మేం ముగ్గురం.
పంక్చర్లు అతికే బల్ల మీద పాత దుప్పటి పరిచి
కొత్తగా వచ్చిన అట్టపెట్టెను
పురిటిగదిలోంచి బిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

కస్టమ్స్‌వాళ్లు మూడు వారాలు అట్టే పెట్టుకున్నారట.
ఏముంది ఇందులో అని అడిగితే
"మా ఊరివాడే. తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల తర్వాత
చైనా నుంచి ఇంటికొస్తున్నాడు" అన్నాడట.
వాళ్లు నవ్వలేదు. పన్ను వేశారు.

గిగానోటోసారస్.
ఇసుక రంగు ఒళ్లు, వీపు మీద ఇటుకపొడి చారలు.
నేను ముందు మణికట్టు చూస్తాను, ఎప్పుడూ అంతే.
అరచేతులు ఒకదాన్నొకటి చూసుకోవాలి,
చప్పట్లు కొట్టబోతున్నట్టు.
పియానో మెట్ల మీదికి వాలినట్టు వాలాయా,
ఇక నాకది ఒట్టి రబ్బరు.
వీడివి చప్పట్ల చేతులే.

నేలిదా భూతద్దం తీసింది.
ఇరవై రెండేళ్లు మ్యూజియం నేలమాళిగలో
పళ్ల డాక్టరు సూదితో
రాతిని ఎముక నుంచి బుజ్జగించి విడదీసిన మనిషి.
"పెదవులు పెట్టారు, మంచిది.
ఆకలి లేనప్పుడు కూడా కోరలు చూపిస్తూ తిరిగే జంతువు
సినిమాల్లోనే బతుకుతుంది."
స్పెయిన్ నుంచి వచ్చినదాన్ని వెల్లకిలా తిప్పింది.
"దీనికి తొడ కండేది? ఎముకకు తోలు అంటించారు.
ఒక్కసారైనా కోడిని ఈకలు పీకి చూసినవాడు
ఇలా చెయ్యడు."

ఎరిబెర్తోకి కొలతలు పట్టవు.
"కండ లేదు, ఒప్పుకున్నా. ఆ తల తిప్పడం చూడవేం?
వెనకనుంచి ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు!
మీ చైనావాడు పాస్‌పోర్టు ఫోటోకి నిలబడ్డాడు."

చేదాకు గిన్నె చేతులు మారింది.
మా దగ్గరో లెక్కల పుస్తకం ఉంది, అందులో రెండు గడులు:
నిజం, ఇంపు.
రెంటిలోనూ పదికి పది వచ్చిన బొమ్మ
పదకొండేళ్లలో ఒక్కటీ లేదు.
అసలు రంగెవడు చూశాడని నేను,
చూడకపోతే నీలం పూస్తావా అని ఆమె,
పూస్తే తప్పేంటని అతను.

అప్పుడు గాలి ఒక్క తోపు తోసింది.
వెనక తలుపు కింద ఆనించిన పచ్చబొమ్మ
దొర్లుకుంటూ వచ్చి నేలిదా బూటుకు తగిలింది.
డొల్ల ప్లాస్టిక్కు. చేతికి అయిదేసి వేళ్లు.
కంగారూలా నిటారుగా నిలబడి
తోకనే మూడో కాలు చేసుకున్న పాతకాలపు తప్పు.
నేను నవ్వాను.

ఆమె నవ్వలేదు. తోక మీద అద్దం ఆనించింది.
నేలమాళిగ గొంతుతో, ఎవరికో రాసిస్తున్నట్టు చెప్పింది:
"గాట్లు తొమ్మిది. కొరికింది చిన్న ప్రాణి,
రెండేళ్లు దాటి ఉండదు.
పైవరసలో ఒక పన్ను ఇంకా రాలేదు.
ఎడమవైపు ఎక్కువ నమిలింది.
ఆకలి కాదు. చిగుళ్ల దురద."

ఎరిబెర్తో కెటిలు దించాడు. నిండిన గిన్నెలోనే ఇంకా పోశాడు.
"ఫిదెన్సియో" అన్నాడు. "మా తమ్ముడు.
రింకోన్ దగ్గర చమురు బావుల్లో ఉంటాడు."
కాసేపటికి,
"ఈ షాపు గురించే. పదేళ్లయింది మాట్లాడుకుని."
ఒలికిన నీళ్లు దుప్పటి తాగేసింది.

నేలిదా పుస్తకం తెరిచి
చైనాను, స్పెయిన్‌ను దాటి కింద కొత్త గీత గీసింది.
నిజం గడిలో పది వేసింది.
ఇంపు గడిని అతని వైపు జరిపింది.

పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.
రెండో చేతిలో పచ్చబొమ్మ, బొటనవేలు తోక మీద,
గాటు నుంచి గాటుకు, మళ్లీ వెనక్కి.
అడ్డు లేని తలుపు
కొట్టుకుంటూనే ఉంది.