ఇండ్లు: సున్న

సోహార్‌ల గ్లోబు చౌరస్తా కాడ
పొద్దుగాల ఐదున్నరకే నిలబడ్డ.
చేతిల అట్ట, అట్టకు క్లిప్పు,
క్లిప్పు కింద పద్నాలుగు ప్రశ్నలు.
యాణ్నుంచి. యాడికి. ఎందుకు. నెలకు ఎన్నిసార్లు.
రైలొస్తే ఎక్కుతరా? ఎంతిస్తరు?

టాక్సీ డ్రైవర్లు ఒర్రుతున్నరు:
బురైమీ! బురైమీ! ఒక్క మనిషి!
నలుగురు నిండితే గాని బండి కదలదు.
ముగ్గురు కూసోని, నాలుగోటోని కోసం
గంట సేపు ఉక్కపోతల ఉడికేటోళ్లే
నాకు జవాబులిచ్చిన్రు, వేరే పనేం లేక.

దుబ్బరాజం, వెల్డరు, మెట్‌పల్లి దిక్కోడు.
ఎందుకు పోతున్నవే అంటే
"మా తమ్మున్ని సూడవోతున్న" అన్నడు.
ఇద్దరొచ్చి ఆరేండ్లు. నడుమ వంద కిలోమీటర్లు.
ఈయన సెలవు శుక్రవారం, ఆయన సెలవు ఆదివారం,
ఇయ్యాల ఎట్లనో కలిసింది.
ఫారంల మూడే డబ్బాలు: ఉద్యోగం, వ్యాపారం, విహారం.
విహారం కాడ టిక్కు కొట్టిన.
"గదేంది?"
"షికారు."
నవ్విండు. ముందు పండ్లు రెండు లేవు.

ఓబులమ్మ, రాయచోటి. ఇంటి పని.
నెలకొకసారి, అదీ మేడమ్ ఒప్పుకుంటే.
టికెట్టుకు ఎంతిస్తవమ్మా అంటే
సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని,
"రైలు యాడ నిలబెడతారో ముందు చెప్పునాయనా,
ఎంతిచ్చేదీ అప్పుడు చెప్తా."
పద్నాలుగు ప్రశ్నల్ల
ఈ ప్రశ్న లేదు.

ఆఫీసుల చలి. గోడంత పటం.
పటం మీద మూడు ఎర్ర చుక్కలు,
ఒకటి విమానాల దగ్గర, ఒకటి మాల్ వెనుక,
ఒకటి ఊరవతల, భూమి చవుక అని.
ఒక్కో చుక్క చుట్టు ఒక గుండ్రం గీత.
గీత లోపల ఎన్ని ఇండ్లుంటే అన్ని మార్కులు.
పోర్టు వెనుక మా క్యాంపు, పదకొండు బ్లాకులు,
గదికి ఎనిమిది మంచాలు.
పట్టికల ఆ గడి కాడ చూసిన.
ఇండ్లు: సున్న.
సున్నను ఎంతతోటి గుణించినా గంతే గద.
ఎండల రాసుకొచ్చిన ఆరువందల పన్నెండు ఫారాలు
బావిల చెంబు లెక్క అండ్ల మునిగినయి.

"మేడమ్, ఆడ మూడువేల మంది ఉంటరు."
నెర్మీన్ మేడమ్ కైరో మనిషి. కోపం లేదు ఆమెకు.
"మనుషులు కాదు, కుటుంబాలు కావాలె" అని
నియమాల పుస్తకం నా దిక్కు తిప్పింది.
అండ్ల ఉన్నది ఒక్క ముక్కనే:
ఒకే పొయ్యి మీద వండుకుని
కలిసి తినేటోళ్లు ఒక ఇల్లు.

ఆ రాత్రి క్యాంపుల పొయ్యిలు లెక్కబెట్టిన.
ఒక గదిల చేప వేగుతున్నది, ఒక గదిల పప్పు మాడింది,
ఒక గది తలుపు మీద సుద్దముక్కతోటి
ఏ వారం ఎవ్వల వంతో రాసుకున్నరు.
దుబ్బరాజం గదిల పచ్చిపులుసు. తినమన్నడు, తిన్న.
"తమ్ముడు ఎట్లున్నడే?"
"బక్కవడ్డడు" అన్నడు. మల్ల మాట్లాడలె.
మూడువందల డెబ్బైతొమ్మిది.
ఒకటి ఆరిపోయింది, దాన్నీ కలిపిన.

పొద్దున మేడమ్ ఆ అంకె చూసింది, నన్ను చూసింది.
హిలాల్ సారుకు ఫోన్ చేసింది. అరబ్బీల ఏదో అన్నది,
నాకర్థమైన మాట ఒక్కటే, పొయ్యి.
ఫోన్ పెట్టేసి, మూడో చుక్క పక్కన
పోర్టు దిక్కు, బొటనవేలు మందం జరిపి
కొత్త చుక్క పెట్టింది.
పటం మీద బొటనవేలంటే
దుబ్బల నడిచేటోనికి అరగంట.

పెన్సిలు చుక్క.
రబ్బరు కూడ ఆ టేబులు మీదనే ఉన్నది.

తెల్లారి ఐదున్నరకు మల్ల చౌరస్తా.
ఫారం అడుగున చేతిరాతతోటి
పదిహేనోది నేనే రాసుకున్న.
ఓబులమ్మ నెల దాటితే గాని రాదు.
బురైమీ! ఒక్క మనిషి! ఒక్క మనిషి!